సప్లయర్ వెనకాల సప్లయర్ – నాలుగో పాఠం: యూనిఫాం ఎక్కడ కుట్టారు?

మూడో పాఠంలో మీ కంపెనీ కొనే వస్తువుల్లో ఇరవై ఎంచుకుని ఏది ఎవరి దగ్గర కొంటున్నారో రాయమన్నాను కదా. చాలామంది బొగ్గు, స్టీలు, మెషిన్ స్పేర్లు, ఇట్లా పెద్దవే పైన రాసి ఉంటారు. మన సప్లయర్ వెనకాల ఆ సరుకు అసలు ఎవరు తయారు చేస్తున్నారో కనిపెట్టడానికి ఈ రోజు ఆ పట్టికలో అడుగున ఉన్నదాన్ని ఒకటి తీసుకోండి. యూనిఫాం, చేతి గ్లవ్స్, క్యాంటీన్ సరుకు, ఏదైనా సరే. వాటికయ్యే డబ్బు తక్కువ కాబట్టి పై ఆఫీసర్లెవరూ ఆ ఫైలు తెరవరు, మనం కూడా ఎల్ వన్, అంటే అందరికంటే తక్కువ రేటు చెప్పింది ఎవరో చూసి సంతకం పెట్టేసి టీ తాగడానికి పోతాం.

నాకు ఈ పని నేర్పింది యూనిఫామే. అనంతపురం జిల్లాలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో పర్చేజ్ చూసేవాణ్ణి. మనుషులు 1,200 మంది, ఒక్కొక్కరికి రెండు జతలు, మొత్తం 2,400. సప్లయర్ అనంతపురం టౌన్లోనే, మంచి మనిషి, పదేళ్ళ పరిచయం. మేం పంపిన ప్రశ్నాపత్రంలో అన్ని గళ్ళలోనూ 'అవును' అని టిక్ పెట్టి, కింద రబ్బర్ స్టాంపు వేసి పంపాడు. పిల్లల చేత పని చేయించడం లేదు, కనీస వేతనం ఇస్తున్నాం, బయటికి జాబ్ వర్క్ ఇవ్వడం లేదు (అంటే ఇంకొకరి చేత కుట్టించడం లేదు), అన్నీ బ్రహ్మాండం. ఆ కాగితాన్ని నేను ఫైల్లో పెట్టేసుకున్నాను, నిజం చెప్పాలంటే చదవను కూడా లేదు.

ఒకసారి వేరే పని మీద అతని షాపుకి పోతే ఊరికే మెషిన్లు లెక్కపెట్టాను. ఇరవై ఉన్నాయి. ఒక మెషిన్ మీద రోజుకి ఎన్ని జతలు పూర్తవుతాయని అక్కడ కూర్చున్న టైలర్‌నే అడిగితే నాలుగన్నాడు. అంటే రోజుకి 80. మేం పీవోలో, అంటే పర్చేజ్ ఆర్డర్‌లో ఇచ్చిన గడువు 18 పని దినాలు. 18 రోజులకి 1,440 జతలు. మిగతా 960 జతలు ఎవరు కుట్టారు?

ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఈ లెక్కే. ఆడిటర్లు దీనికి పెద్ద పేర్లు పెడతారు గానీ, ఒకటో తరగతి గుణకారం తప్ప ఇందులో ఏం లేదు. మెషిన్లు ఎన్ని, రోజుకి ఎంత, గడువు ఎన్నాళ్ళు, మనం అడిగింది ఎంత. తేడా వచ్చిందంటే రెండే దారులు. అక్కడి మనుషులు రాత్రిళ్ళు కూర్చుని పని చేస్తున్నారు, లేదా సరుకు ఇంకెక్కడో తయారవుతోంది. ఈ లెక్క ఇటుకలకీ పనికొస్తుంది, లారీలకి ఇంకా బాగా పనికొస్తుంది. టన్నుకింత అని రేటు గట్టిగా నొక్కేసి, ట్రిప్పుల సంఖ్య మాత్రం తగ్గకూడదంటే ఆ లారీ ఓవర్‌లోడ్‌తో వస్తుందని వేరే చెప్పాలా? మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఓవర్‌లోడ్ దొరికితే 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకి 2,000 జరిమానా. రేటు నొక్కింది మనం, పట్టుబడేది డ్రైవరు.

సరే, యూనిఫాం దగ్గరికి వస్తాను. నేను అరవలేదు. అరిస్తే ఆ 960 జతల సంగతి ఎప్పటికీ తెలియదు. "అన్నా, తప్పు పట్టడానికి అడగలేదు, మిగతావి యాడ కుట్టిస్తివి?" అంటే ఆయన కాసేపు నసిగి, "రాయదుర్గంలో ఇచ్చినాం సార్, మీరు ఇచ్చిన టైముకి ఇంక ఎట్ల చేయాల?" అన్నాడు. రాయదుర్గం తెలియనివాళ్ళకి చెప్తున్నా, బళ్ళారి పక్కనే, జీన్స్ కుట్టే ఊరు. షెడ్లలోనే కాదు, ఇళ్ళల్లో కూడా మెషిన్లు పెట్టుకుని పీసు రేటుకి కుడతారు.

పోయి చూశాను. ఒక ఇంట్లో మా షర్టులే, మా కంపెనీ గుర్తుతో సహా, మంచం మీద కుప్పగా పోసి ఉన్నాయి. కుడుతున్న ఆమెని ఏమ్మా, గిట్టుబాటు అవుతుందా అని అడిగితే రేటు సంగతి ఎత్తనే లేదు. "పోయిన తూరి కుట్టిన దుడ్లే ఇంకా రాలేదు సార్, పెద్ద కంపెనీ బిల్లు పడలేదంట" అంది. ఆ పెద్ద కంపెనీ మేమే. ఆఫీసుకొచ్చి అకౌంట్స్‌లో చూస్తే పీవోలో 60 రోజులని రాసుకున్నాం, ఇచ్చింది 90 దాటాక. అందులో 20 రోజులు సరుకు స్టోర్స్‌లో ఇన్‌స్పెక్షన్ కోసం ఊరికే పడి ఉంది.

ఇక్కడ చట్టం కొంచెం వివరంగా తెలుసుకోండి, పర్చేజ్‌లో ఉన్నవాళ్ళకే చాలామందికి తెలియదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం సప్లయర్ సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే, బిల్లు కట్టడం సరుకు ఒప్పుకున్న రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. పీవోలో 60 అని రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టినా ఆ 60 చెల్లదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులే. సరుకు అందిన 15 రోజుల్లోపు మనం రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క, కాబట్టి స్టోర్స్‌లో నిద్రపుచ్చి రోజులు కలుపుకోవడం కుదరదు. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. వడ్డీ అడిగే ధైర్యం ఏ చిన్న సప్లయర్‌కి ఉంటుంది చెప్పండి, మళ్ళీ ఆర్డర్ వద్దా? అందుకే 1961 ఇన్‌కం ట్యాక్స్ చట్టంలో 2023లో 43బి హెచ్ క్లాజు చేర్చారు. గడువులో కట్టని బిల్లుని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు, కట్టిన ఏడాదే చూపించుకోవాలి. మా ఫైనాన్స్ సార్‌కి రాయదుర్గం ఆమె గురించి చెప్తే పట్టలేదు, ఈ క్లాజు గురించి చెప్తే కుర్చీలోంచి లేచాడు.

వెంటనే చాలామందికి వచ్చే ఆలోచన ఏంటంటే, పీవోలో 'బయటికి జాబ్ వర్క్ ఇవ్వరాదు' అని ఒక లైను గట్టిగా రాసేద్దామని. రాయకండి. రాస్తే పని ఆగదు, దాక్కుంటుంది. మేం రాసింది వేరే: జాబ్ వర్క్ ఇవ్వొచ్చు, కానీ ఏ ఊర్లో, ఏ ఇంట్లో, పీసుకి ఎంత అనేది మాకు ముందే చెప్పాలి. దాంతో పాటు మా వైపు కూడా మార్చాం. ఆర్డర్ రెండు నెలల ముందే, నాలుగు విడతలుగా. బిల్లు 30 రోజుల్లో. జతకి కొన్ని రూపాయలు పెరిగింది, దాని కోసం నేను మీటింగ్‌లో మూడుసార్లు తిట్లు తిన్నాను.

పీసు రేటు చాలుతుందా లేదా ఎట్లా చూడాలి? రోజు కూలీగా మార్చి చూడాలి. పీసుకి 30 రూపాయలు, రోజుకి 12 పీసులు అనుకోండి, 360. దారం, కరెంటు ఆమెవే అయితే ఒక 40 తీసేయండి, 320. దాన్ని రాష్ట్రం ఆ పనికి ప్రకటించిన కనీస వేతనం పక్కన పెట్టండి. కుట్టడానికి పది గంటలు పడుతోందా, ఎనిమిదా అనేది కూడా అడగండి, ఇంట్లో పనికి గడియారం ఉండదు.

'వాళ్ళు మా మనుషులు కాదు కదా' అనే మాట మీకు తప్పకుండా ఎదురవుతుంది. కర్నూలు, నంద్యాల వైపు పెద్దవాళ్ళకి ఈ మాట పాతదే. హైబ్రిడ్ పత్తి విత్తనం పొలాల్లో పువ్వు పువ్వుకీ చేత్తో క్రాసింగ్ (ఒక రకం పుప్పొడిని ఇంకో రకం పువ్వుకి అద్దడం) చేయాలి, ఆ పనికి ఎక్కువగా ఆడపిల్లల్ని పెట్టేవాళ్ళు. విత్తన కంపెనీకి రైతుతో నేరుగా సంబంధం ఉండదు, మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు. కంపెనీ ఇచ్చే రేటుకి పెద్దవాళ్ళ కూలీ గిట్టదని రైతు, రైతు మా ఉద్యోగి కాదని కంపెనీ. 2000 తర్వాత బయట గొడవ పెరిగాక కొన్ని కంపెనీలు పిల్లల్ని పెట్టని రైతుకి పైన బోనస్ ఇవ్వడం, పెట్టినవాళ్ళ దగ్గర కొనడం ఆపడం మొదలుపెట్టాయి. రేటు దగ్గరికి వచ్చాకే కదిలింది చూశారా.

ఐఎస్ఓ 20400 గురించి కొందరు అడిగారు. 2017లో వచ్చిన మార్గదర్శకం అది, బాధ్యతగా కొనడం ఎట్లా అని చెప్తుంది, చదవడానికి బాగుంటుంది. దానికి సర్టిఫికెట్ ఉండదు, ఎవరైనా సప్లయర్ 'మాకు ఐఎస్ఓ 20400 సర్టిఫికెట్ ఉంది' అని ఫ్రేమ్ కట్టించి చూపిస్తే నవ్వి టీ తాగి రండి. మీ మేనేజర్‌కి ఇదంతా ఎందుకు అవసరం అంటే, మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీకి బీఆర్ఎస్ఆర్ అనే నివేదిక (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) ఇవ్వాలి, అందులో సప్లయర్ల గురించీ అడుగుతారు. దాని సంగతి ఆరో పాఠంలో.

ఇప్పుడు ఇంటిపని. పట్టిక అడుగున ఎంచుకున్న ఆ ఒక్క వస్తువుకి మెషిన్ల లెక్క వేయండి. ఫోన్లో అడిగితే కుదరదు, పోయి మీరే లెక్కపెట్టండి, టైలర్‌నో మేస్త్రీనో అడగండి, ఓనర్‌ని కాదు. తర్వాత ఆ సప్లయర్ చివరి పది బిల్లులు తీసి, స్టోర్స్‌కి సరుకు వచ్చిన తేదీ ఒక గడిలో, బ్యాంకులో డబ్బు పడిన తేదీ పక్క గడిలో రాయండి. ఇన్‌వాయిస్ అకౌంట్స్‌కి చేరిన తేదీ కాదు, అకౌంట్స్ వాళ్ళు అదే ఇస్తారు, తీసుకోకండి. అతనికి ఉద్యం రిజిస్ట్రేషన్ (ఎంఎస్ఎంఈలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉందో లేదో, ఉంటే తయారీదారుగానా, వ్యాపారిగానా చూడండి, వ్యాపారికైతే ఈ 45 రోజుల రక్షణ వర్తించదు. పది బిల్లుల్లో ఎన్ని 45 దాటాయో ఆ అంకె దగ్గర పెట్టుకోండి. ఐదో పాఠంలో ఆ అంకె పట్టుకుని ఫైనాన్స్ వాళ్ళ గదిలోకి ఎట్లా వెళ్ళాలో చూద్దాం.