ఆటల ఖాతాల్లో లాగిన్ చిక్కులు – నాలుగో పాఠం: ఓటీపీ రాకపోతే

గత పాఠంలో పాస్‌వర్డ్ మరిచిపోయినవారి సంగతి చూశాం. ఖాతాను గూగుల్ ద్వారా తెరిచారా, ఫేస్‌బుక్ ద్వారానా, ఫోను నంబరుతోనా అన్నది ముందుగా తేల్చుకోవాలని చెప్పుకున్నాం. గూగుల్ ద్వారా తెరిచిన ఖాతాకు ఆట సైటులో విడిగా పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి అక్కడ ఎంత వెతికినా దొరకదు. ఇది ఇంకా తేలనివారు ఆ పని ముగించుకుని ఈ పాఠానికి రండి.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పిల్లలు ఎక్కువగా అడిగేది ఓటీపీ గురించే. నంబరు సరిగానే కొట్టారు. కోడ్ పంపామని తెర మీద కనిపిస్తోంది. ఫోనుకు మాత్రం ఏమీ రాదు. వెంటనే అందరూ చేసే పని, మళ్లీ పంపమని మీట నొక్కుతూ పోవడం. దయచేసి అది చేయకండి. చాలా సైట్లలో కొత్త కోడ్ అడగగానే పాతది చెల్లదు. ఆలస్యమైన సందేశాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడినప్పుడు ఏది తాజాదో తెలియదు. నాలుగైదుసార్లు తప్పు కోడ్ కొడితే సైటు కొన్ని గంటలపాటు ఖాతాను మూసి ఉంచవచ్చు. అప్పుడు మామూలు ఆలస్యం కాస్తా నిజమైన సమస్య అవుతుంది.

ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఆ సిమ్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? మన జిల్లాల్లో చాలా ఇళ్లలో నాన్నో అన్నయ్యో పనికోసం విశాఖకో, హైదరాబాదుకో, సూరత్‌కో వెళ్లి ఉంటారు. పిల్లవాడి ఆట ఖాతా వారి నంబరు మీదే ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారికి పెద్దల నంబరుతో అనుమతి అడిగే ఆటలూ ఉన్నాయి, బీజీఎంఐ అలాంటిదే. కోడ్ సాధారణంగా కొద్ది నిమిషాలే చెల్లుతుంది. నాన్న పనిలో ఉండి ఫోను చూసుకునే లోపు గడువు ముగిసిపోతుంది. కాబట్టి ముందు ఫోను చేసి, "నాన్నా, ఇప్పుడు ఒక కోడ్ వస్తుంది, చూసి చెప్పండి" అని చెప్పి, ఆయన సిద్ధంగా ఉన్నప్పుడే కోడ్ అడగండి. ఏ ఆట కోసమో కూడా చెప్పండి. వచ్చిన సందేశంలో ఆ ఆట పేరు లేకపోతే కోడ్ చదవవద్దని ఆయనకు ముందే చెప్పి ఉంచండి.

ఆయనది మీటల ఫోను అయితే ఇంకొకటి చూడాలి. పాత మీటల ఫోన్లలో సందేశాల పెట్టె నిండిపోతే కొత్తవి లోపలికి రావు. రీచార్జి ప్రకటనలన్నీ తుడిచేస్తే ఆగిపోయినవి వచ్చి పడతాయి. స్మార్ట్‌ఫోను అయితే సందేశాల యాప్‌లో స్పామ్ విభాగం తెరిచి చూడండి, ఓటీపీ అక్కడ చేరి ఉండవచ్చు. డీఎన్‌డీ (ప్రకటనల కాల్స్, సందేశాలు వద్దనే ఏర్పాటు) పెట్టుకున్నందువల్ల మాత్రం ఓటీపీ ఆగదు. దాన్ని తీసేయమని సలహా ఇచ్చేవారి మాట వినకండి.

ఇక సరిహద్దు సంగతి. పర్లాకిమిడికి ఆనుకునే పాతపట్నం ఉంది. మధ్యలో రాష్ట్రం మారుతుంది, దానితోపాటు టెలికాం సర్కిల్, అంటే ఫోను కంపెనీల సేవా ప్రాంతం కూడా మారుతుంది. మీ సిమ్ ఒడిశా సర్కిల్‌దైనా ఫోను ఆంధ్ర వైపు టవరును అందుకోవచ్చు. అప్పుడు కొన్ని ఫోన్లు రోమింగ్ చూపిస్తాయి. డేటా రోమింగ్ ఆపి ఉంటే ఇంటర్నెట్ నిలిచిపోతుంది, ఆట తెరుచుకోదు. మనం పాస్‌వర్డ్ తప్పేమో అనుకుంటాం. ఊరి చివర ఇళ్లలో ఫోను ఈ టవరుకూ ఆ టవరుకూ మారుతూ ఉంటే సందేశాలు కూడా ఆలస్యమవుతాయి. ఫ్లైట్ మోడ్ వేసి అర నిమిషం ఆగి తీసేయండి, ఫోను టవరును కొత్తగా వెతుక్కుంటుంది. అప్పటికీ కుదరకపోతే సెట్టింగుల్లో మొబైల్ నెట్‌వర్క్ తెరిచి, ఆటోమేటిక్ ఎంపిక ఆపి, మీ సర్కిల్ నెట్‌వర్కును మీరే ఎంచుకోండి. పని అయ్యాక మళ్లీ ఆటోమేటిక్‌కు మార్చడం మరవకండి. లేకపోతే విశాఖ రైలు ఎక్కాక సిగ్నలే ఉండదు.

మహారాష్ట్రలో గోదావరికి దగ్గరగా, ప్రాణహిత ఒడ్డున సిరొంచలో ఉన్న మన తెలుగువారికీ ఇది వర్తిస్తుంది. అక్కడ గోదావరికి ఇటు మహారాష్ట్ర సర్కిల్, అటు కాళేశ్వరం వైపు ఆంధ్ర-తెలంగాణ సర్కిల్.

సిమ్ పోయి కొత్తది తీసుకున్నవారు ఒకరోజు ఓపిక పట్టాలి. మోసాలను అడ్డుకోవడానికి సిమ్ మార్చాక 24 గంటలపాటు సందేశాలు ఆపి ఉంచుతారు. అంతకంటే ముఖ్యమైనది, వాడని సిమ్. కాల్, సందేశం, డేటా ఏదీ లేకుండా 90 రోజులు వదిలేసిన ప్రీపెయిడ్ నంబరును కంపెనీ రద్దు చేయవచ్చు. రద్దయిన నంబరును మరో 90 రోజుల వరకు ఇతరులకు ఇవ్వరు, ఆ తరువాత ఇవ్వవచ్చు. అంటే మీ ఆట ఖాతాకు వచ్చే ఓటీపీ ముక్కూమొహం తెలియని మనిషి ఫోనులో మోగుతుంది. ఏళ్లతరబడి కూడబెట్టుకున్న ఆట అలా చేజారిపోతే పిల్లలు పడే బాధ చిన్నది కాదు. ఖాతాను ఎప్పుడూ ఇంట్లో నిత్యం వాడే నంబరుకే కట్టి ఉంచండి. నంబరు మార్చాలనుకుంటే పాత సిమ్ పనిచేస్తుండగానే మార్చండి, ఎందుకంటే మార్పునకు కూడా చాలా చోట్ల పాత నంబరుకే కోడ్ వస్తుంది.

మోహనా, ఆర్. ఉదయగిరి కొండల్లో ఉండేవారికి నేను గట్టిగా చెప్పేది ఒకటుంది: సైటు వీలు కల్పిస్తే ఆథెంటికేటర్ యాప్‌కు మారండి. అది ఫోనులో దాచిన రహస్య సంఖ్యనూ అప్పటి సమయాన్నీ కలిపి, సాధారణంగా 30 సెకన్లకొకసారి కొత్త కోడ్ తయారుచేస్తుంది. కోడ్ కోసం సిగ్నల్ అక్కరలేదు, టవరు లేని గుట్ట మీద కూడా వస్తుంది. దానికి ఉన్న బలహీనత గడియారం. ఫోను సమయం నిమిషాల తేడాలో ఉంటే కోడ్ చెల్లదని సైటు తిప్పికొడుతుంది. తేదీ, సమయం ఆటోమేటిక్‌లో పెట్టండి, సమస్య అక్కడికక్కడే తీరుతుంది. ఫోను పోతే ఎలా అన్న భయం న్యాయమైనదే. అందుకే బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు. గూగుల్ ఒకసారికి 10 ఇస్తుంది, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి రేషన్ కార్డు ఉన్న చోట పెట్టండి. అదే ఫోనులో ఫోటో తీసి ఉంచితే ఫోనుతోపాటు అవీ పోతాయి.

రమ్మీ వంటి డబ్బు ఆటల సైటులో లాగిన్ కావడం లేదని అడిగే పెద్దలూ ఉన్నారు. అది ఓటీపీ సమస్య కాదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. పెద్ద సంస్థలు చాలావరకు ఆ ఆటలు ఆపి, ఖాతాలో మిగిలిన సొమ్ము వెనక్కి తీసుకునే వీలు ఇచ్చాయి. ఆ వీలు కోసం ఆ సంస్థ సొంత యాప్‌లోనే వెతకండి. రుసుము కడితే ఖాతా తెరిపిస్తామని ఫోను చేసేవారు దొంగలే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును బ్యాంకులో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఈ వారం అభ్యాసం: మీ ప్రతి ఆట ఖాతా తెరిచి, అది ఏ నంబరుకు, ఏ ఈమెయిలుకు కట్టి ఉందో నోటుపుస్తకంలో రాయండి. ఆ నంబరు పక్కన సిమ్ ఎవరి దగ్గరుందో, చివరిసారి రీచార్జి ఎప్పుడు చేశారో రాయండి. అతిథిగా ప్రవేశించి ఆడుతున్న ఆట ఏదైనా ఉంటే ఈరోజే దాన్ని ఒక ఈమెయిలుకు కట్టండి. యాప్ డేటా తుడిచినా, ఫోను మార్చినా అతిథి ఖాతా తిరిగి రాకపోవచ్చు.

అయిదో పాఠం, ఖాతాను నిలిపివేశామని సందేశం వచ్చినవారికి. దానికి మీ ఆటగాడి ఐడీ, లోపల ఏదైనా కొని ఉంటే ఆ రసీదుల ఈమెయిళ్లు కావాలి. అవి వెతికి దగ్గర పెట్టుకోండి.