చిన్నపిల్లలతో మంచులో ఆటలు: తలుపు దాటేముందు, దాటాక

మంచులో ఆడుకోవడానికి వెళ్లిన చిన్నపిల్లలు పావుగంటకే ఏడుస్తూ వెనక్కి వచ్చారంటే, కారణం చాలాసార్లు చేతుల్లోనో కాళ్లలోనో దొరుకుతుంది. ఒక గ్లౌజు తడిసి ఉంటుంది, లేదా బూటు బిగుతై వేళ్లు మొద్దుబారి ఉంటాయి. చలి ఎంత ఉందన్నది ఆ తర్వాతి సంగతి. ఐదారేళ్లలోపు పిల్లలకు ఒంటి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, అందుకే ఒంట్లో వేడి త్వరగా పోతుంది. పైగా ఆటలో పడ్డాక చలేస్తోందని చెప్పరు. చెప్పేసరికి బాగా ఆలస్యమై ఉంటుంది. కాబట్టి సగం పని గది లోపలే అయిపోవాలి.

ఒంటిమీద ఏం ఉండాలి

మూడు పొరలు చాలు. ఒంటికి అంటుకుని ఉండేది మెరినో ఉన్నిదో పాలిస్టర్‌దో థర్మల్, దానిపైన ఫ్లీస్ (మెత్తటి నూగుండే సింథటిక్ బట్ట) లేదా ఉన్ని స్వెటర్, అన్నిటికన్నా పైన గాలీ నీరూ చొరబడని జాకెట్, ప్యాంటు. ఎక్కువమంది పొరపాటు చేసేది అట్టడుగు పొర దగ్గర. అలవాటుకొద్దీ లోపల నూలు బనియన్ వేసి పైన మంచి జాకెట్ తొడుగుతారు. నూలు చెమటను పీల్చుకుని వదలదు. పిల్లాడు పరిగెత్తినంతసేపూ బాగానే ఉంటుంది, ఆగిన ఐదు నిమిషాలకు తడిబట్ట కట్టినట్టు వణుకుతాడు. నూలు సాక్సులతోనూ ఇదే గొడవ. ఈకలు నింపిన జాకెట్ తడిస్తే వెచ్చదనం పోతుంది కాబట్టి, మంచులో దొర్లే వయసువాళ్లకు సింథటిక్ నింపుడుదే మేలు.

ఎత్తుకునే పాపకైతే మీరు వేసుకున్నదానికన్నా ఒక పొర ఎక్కువ వేయండి. పరిగెత్తే పిల్లలకు మీతో సమానంగా చాలు. సరిపోయిందో లేదో చూడటానికి చేతులు పట్టుకోకండి, మెడ వెనక వేలు పెట్టండి. వెచ్చగా, పొడిగా ఉంటే సరే. చెమ్మగా ఉంటే జిప్పు కొంచెం దించండి లేదా ఒక పొర తీయండి. చల్లగా ఉంటే లోపలికి తీసుకెళ్లండి.

చేతులకు వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజులకన్నా నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిటెన్లు వెచ్చన. వేళ్లు ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటాయి, తొడగడమూ తేలిక. పైపొర నీళ్లు పీల్చనిదై ఉండాలి. మోచేతి వైపు పొడుగ్గా ఉండే రకం కొని జాకెట్ చేతి అంచును మిటెన్ లోపలికి దోపితే మణికట్టు దగ్గర మంచు దూరదు. మనిషికి కనీసం రెండు జతలు పెట్టుకోండి. మూడు ఉన్నా ఎక్కువేం కాదు, అన్నిటికన్నా ముందు తడిసేవి ఇవే.

బూట్ల విషయంలో ఒక సాక్సుకు రెండు సాక్సులు వేస్తే ఇంకా వెచ్చన అనుకుంటే పొరపాటే. పాదం ఇరుకై రక్తం సరిగా ఆడదు, అప్పుడు ఎంత మందం సాక్సయినా పనికిరాదు. మోకాలి దాకా వచ్చే ఒక ఉన్ని సాక్సు, వేళ్ల ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండే బూటు చాలు. లోపల వేళ్లు ఆడించగలుగుతున్నాడా అని అడిగి చూడండి.

మెడకు మఫ్లర్ చుట్టకండి. మంచు మీద కూర్చుని జారే బండికో (స్లెడ్) ఊయలకో చిక్కుకుంటే గొంతు బిగుసుకుంటుంది. హుడ్‌కు వేలాడే తాళ్లనూ ముందే లాగి తీసేయండి. గొట్టంలా తలమీంచి తొడిగే నెక్ వార్మర్ గానీ మంకీ క్యాప్ గానీ క్షేమం. జాకెట్ రంగు ఎంచుకునే అవకాశం ఉంటే నారింజో ఎరుపో తీసుకోండి. తెలుపు, లేత నీలం మంచులో కలిసిపోయి పిల్లవాడు పదడుగుల దూరంలో ఉన్నా కంటికి ఆనడు.

తొడిగే వరుస

ముందు పెద్దవాళ్లు పూర్తిగా తయారవ్వాలి. పిల్లల్ని ముందు తయారుచేసి మీ బూట్ల లేసులు కట్టుకుంటూ కూర్చుంటే, వెచ్చని గదిలో వాళ్లకు చెమట పట్టి బయటికి అడుగుపెట్టకముందే లోపొర తడుస్తుంది. మీరయ్యాక పిల్లల్ని బాత్రూముకు తీసుకెళ్లండి. వద్దన్నా సరే తీసుకెళ్లండి, అన్ని జిప్పులూ పెట్టాకే వాళ్లకు గుర్తొస్తుంది. డైపరైతే కొత్తది వేయండి. తర్వాత థర్మల్, సాక్సు, ఫ్లీస్, ప్యాంటు, బూట్లు, టోపీ, జాకెట్, చిట్టచివర మిటెన్లు. అప్పుడే డైపర్ మానిన వయసుకు ఒకే ముక్కగా ఉండే సూట్ కన్నా, భుజాల పట్టీల ప్యాంటూ జాకెట్టూ విడిగా ఉండటం సుఖం.

మంచు మీద ఎండ పడితే అతినీలలోహిత కిరణాలు 80 శాతం దాకా తిరిగి పైకి కొడతాయి. కాబట్టి గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచులకు కూడా సన్‌స్క్రీన్ రాయాలి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గనిది తీసుకుని రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. కళ్లజోడు నల్లగా ఉంటే చాలదు, ఆ కిరణాలను అడ్డుకుంటుందని చెప్పే ‘యూవీ 400’ గుర్తు దానిమీద ఉండాలి. ఆరు నెలల్లోపు పాపకు నీడే మంచిది.

కారులో వెళ్తుంటే లావుపాటి జాకెట్ తీసేశాకే చైల్డ్ సీటు బెల్టు పెట్టండి. గుద్దుకున్నప్పుడు జాకెట్ నింపుడు అణిగిపోయి, బిగుతుగా కనిపించిన పట్టీ వదులైపోతుంది. పిల్లవాడు అందులోంచి జారిపోవచ్చు. పట్టీ బిగించాక భుజం దగ్గర దాన్ని వేళ్ల మధ్య మడతగా పట్టుకోగలిగితే ఇంకా బిగించాలి. జాకెట్‌ను తిరగేసి, చేతులు ముందునుంచి దూర్చి, పట్టీల పైన దుప్పటిలా కప్పండి.

ఎంతసేపు

మొదటి రోజు రెండేళ్ల పిల్లలకు 15-20 నిమిషాలు, నాలుగైదేళ్లవాళ్లకు అరగంట నుంచి ముప్పావుగంట. లోపలికొచ్చి ఒళ్లు వెచ్చబడ్డాక మళ్లీ వెళ్లొచ్చు. రోజంతా బయటే అని ప్లాన్ వేయకుండా, పొద్దున ఒకసారి, భోజనం ముందు ఒకసారి అనుకుంటే సెలవు సాఫీగా నడుస్తుంది. వాళ్లు ఇంకా నవ్వుతుండగానే వెనక్కి తిప్పండి. తిరుగుదారికి కూడా కాళ్లలో సత్తువ ఉండాలి కదా. కొండల మధ్య ఎండ క్యాలెండర్ చెప్పే సూర్యాస్తమయంకన్నా చాలా ముందే శిఖరం వెనక్కి పోతుంది, పోయిన వెంటనే చలి దిగుతుంది.

వాతావరణ యాప్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే చూడకండి, గాలిని కూడా కలిపి చెప్పే ‘ఫీల్స్ లైక్’ అంకె చూడండి. ఉష్ణోగ్రత మైనస్ 25 డిగ్రీలకన్నా దిగినా, గాలితో కలిపి మైనస్ 28కి చేరినా పిల్లల్ని బయటికి తీయొద్దని కెనడా పిల్లల వైద్యుల సంఘం సలహా. అలవాటు లేని పిల్లలకు అంతకు చాలా ముందే ఆపడం మేలు.

వీపు మీద క్యారియర్‌లోనో స్ట్రోలర్‌లోనో ఉన్న పాప సంగతి వేరు. మోసేవాళ్లకు చెమట పడుతుంటుంది, కదలకుండా కూర్చున్న పాప గడ్డకడుతుంటుంది. 20 నిమిషాలకోసారి ఆగి కాలివేళ్లు, మెడ తడిమి చూడండి. నిద్రపోతే ఇంకా తరచుగా చూడాలి.

సంచిలో అదనపు మిటెన్లు, సాక్సులు, ఒక పూర్తి జత లోదుస్తులు, ఒక విజిల్, టార్చి, తినుబండారాలు ఉండాలి. గంటకోసారి కొంచెం తినిపించండి. నాలుగేళ్లలోపు వాళ్లకు నడుస్తూ, స్లెడ్ మీద కూర్చుని గట్టి గింజలు, చప్పరించే బిళ్లలు ఇవ్వొద్దు, గొంతులో పడతాయి. ఫ్లాస్కులో పాలు గోరువెచ్చగా ఉంటే చాలు, పొగలు కక్కేవి మిటెన్లున్న చేతులతో ఒలకబోసుకుంటారు. నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టండి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత దగ్గర ద్రవంగానే ఉంటుంది.

ఏ మంచుకు ఏ ఆట

మన భాషలో పొద్దున్నే గడ్డిమీద పడేదీ, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ, చెరువు గడ్డకట్టినదీ అన్నీ మంచే. పిల్లలతో ఆడించేటప్పుడు ఆ తేడాలు తెలియాలి. ముద్ద కట్టాలంటే మంచులో కొంచెం తడి ఉండాలి. ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడే బొమ్మలు, బంతులు నిలుస్తాయి. బాగా చలిగా ఉన్నప్పటి మంచు పొడి ఇసుకలా జారిపోతుంది. మంచుబొమ్మ చేద్దామని పిల్లలకు మాటిచ్చి ఆ రోజు పొడిమంచు దొరికితే ఏడుపే మిగులుతుంది. గుప్పెట్లో నొక్కి చూశాకే మాటివ్వండి. పొడిమంచులో అడుగులతో దారులు వేయడం, వెల్లకిలా పడుకుని చేతులాడించి రెక్కల అచ్చు తీయడం, దొర్లడం బాగుంటాయి.

మంచు రవ్వలు చూడాలంటే నల్లటి ముతక గుడ్డ ముక్కను అరగంట ముందే బయట పెట్టి చల్లబరచండి, వెచ్చని గుడ్డమీద పడ్డవి క్షణంలో కరుగుతాయి. మంచు కురిసేటప్పుడు గుడ్డ పట్టుకుని భూతద్దంతో చూడమనండి. ఊపిరి తగలకుండా ముఖం పక్కకు పెట్టాలి. ఆరు కోణాలు లెక్కపెట్టడంలో నాలుగేళ్లవాళ్లు కూడా కాసేపు కదలరు.

రాత్రికి ఒక పని: వెడల్పాటి గిన్నెలో రెండు సెంటీమీటర్ల నీళ్లు పోసి, పిల్లలు ఏరిన ఆకులు, పూలు, పిందెలు పరచండి. ఒక దారాన్ని మెలిక వేసి, రెండు కొసలూ నీళ్లలో, మెలిక గిన్నె అంచుకు బయట ఉండేలా పెట్టి బయట వదిలేయండి. పొద్దున గిన్నె అడుగున గోరువెచ్చని నీళ్లు తగిలిస్తే మంచు పళ్లెం ఊడి వస్తుంది, కొమ్మకు వేలాడదీయొచ్చు. వేడినీళ్లు పోస్తే మాత్రం పళ్లెం పగులుతుంది.

కొత్త మంచుమీద కుందేలు అడుగులు కనిపిస్తే ఒక పొడుపుకథలా అడగండి: ఇది ఎటు వెళ్లింది? పెద్ద అచ్చులు వెనక కాళ్లవి, దూకినప్పుడు అవే ముందుకు పడతాయి. పెద్దవాళ్లే ఎక్కువగా తప్పు చెబుతారు.

రోడ్డు పక్కన యంత్రం తోసిన మంచుగుట్టల్లో గుహలు తవ్వనివ్వకండి. పైకప్పు కూలితే చిన్న పిల్లలు బయటపడలేరు, బండి నడిపేవారికి వాళ్లు కనిపించరు కూడా. నాలుక ఇనప కడ్డీకి అంటుకుపోతే లాగకండి, గోరువెచ్చని నీళ్లు పోస్తే వదులుతుంది.

స్లెడ్ మీద జారడానికి ఏటవాలు తక్కువై, కింద చదునుగా ఆగేంత జాగా ఉండి, చెట్లు, స్తంభాలు, రోడ్డు, నీరు దరిదాపుల్లో లేని చోటు వెతకండి. ముందు పెద్దవాళ్లొకరు ఒంటరిగా జారి చూడాలి. కూర్చుని, కాళ్లు ముందుకు పెట్టి జారాలి. తల ముందుకు పెట్టి బోర్లా జారడం ప్రమాదం. హెల్మెట్ తప్పనిసరి. ఐదేళ్లలోపు పిల్లలు పెద్దవాళ్లతోనే కూర్చోవాలి. పైకి ఎక్కేవాళ్లు జారేదారి పక్కనుంచి ఎక్కాలి. కారుకు తాడుకట్టి లాగడం ఎప్పుడూ వద్దు.

గడ్డకట్టిన చెరువు మీదికి కనీసం 15 సెంటీమీటర్ల మందం, అదీ స్వచ్ఛమైన గట్టి మంచు అని కొలిచి చెప్పినవాళ్లు ఉంటేనే వెళ్లండి. నలుగురూ కలిసి ఆడాలంటే 20. తెల్లగా మసకబారినది బలహీనం. పారే నీటి మీద కొలతలు నమ్మకండి.

ఎప్పుడు ఆపాలి

బాలానాం రోదనం బలం అంటారు. మంచులో ఏడ్చే పిల్లవాడికన్నా ఏడుపు ఆపి మౌనంగా కూర్చున్నవాడి గురించి ఎక్కువ కంగారు పడాలి. ఒంటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకన్నా పడిపోతే వణుకు, తడబాటు, మాట ముద్దగా రావడం, మత్తు వస్తాయి. చంటిపాపకు వణుకు కనిపించకపోవచ్చు. చర్మం చల్లగా, ఎర్రగా ఉండి పాలు తాగకుండా నీరసపడుతుంది. వెంటనే లోపలికి తెచ్చి, తడిబట్టలు తీసి, మీ ఒంటికి ఆనించుకుని దుప్పట్లు కప్పండి, వైద్యసాయం పిలవండి.

ముక్కు, చెవులు, బుగ్గలు, వేళ్లు పాలిపోయి మైనంలా అయి స్పర్శ తెలియకపోతే మంచుకాటు మొదలైనట్టు. రుద్దకండి, మంచు రాయకండి, నిప్పుకో హీటరుకో చూపించకండి. స్పర్శలేని చర్మం కాలినా పిల్లలకు తెలియదు. 37-39 డిగ్రీల నీళ్లలో రంగు, మెత్తదనం తిరిగొచ్చేదాకా ఉంచండి. అరగంట దాకా పట్టవచ్చు, తిమ్మిరి వదిలేటప్పుడు నొప్పి కూడా ఉంటుంది. దారిలో మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటే కరిగించకుండానే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పొక్కులొచ్చినా, స్పర్శ రాకపోయినా డాక్టరుకు చూపించాల్సిందే.

2,500 మీటర్లు దాటిన చోట తిండి మానేయడం, వాంతి, నిద్రపట్టక చిరాకు కనిపిస్తే ప్రయాణ బడలిక అనుకోకండి. చిన్నపిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. అది ఎత్తు వల్ల కాదని తేలేదాకా ఎత్తు వల్లే అనుకుని, ఇంకా పైకి వెళ్లడం ఆపండి. తగ్గకపోతే కిందికి దిగండి. 3,000 మీటర్ల పైన పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకన్నా పెరగకుండా చూసుకోవాలి.

రాత్రి గదిలో

కుంపటి, బొగ్గుల పొయ్యి, గ్యాస్ స్టవ్ వెచ్చదనం కోసం గదిలోకో టెంట్‌లోకో తేకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఏడాదిలోపు పాపకు విడి దుప్పట్లు, తలగడ వద్దు, చేతులు బయటికుండే స్లీపింగ్ బ్యాగ్ చాలు. గది 16-20 డిగ్రీల మధ్య ఉంటే సరిపోతుంది. గదిలోకి రాగానే టోపీ తీసేయండి, ఒంట్లో అదనపు వేడి బయటికిపోయే ముఖ్యమైన దారి పాపకు తలే.

చివరిగా బూట్లు. లోపలి అట్టలు బయటికి లాగి విడిగా ఆరబెట్టండి. బూటులో వార్తాపత్రిక ఉండలుగా కుక్కి, రెండు గంటల తర్వాత తడిసినవి తీసి పొడివి పెట్టండి. హీటరుకు ఆనించి పెడితే రబ్బరు పగిలి, అతుకులు విడిపోతాయి. ఒక మీటరు దూరం చాలు. మిటెన్లను తిరగేసి ఆరేయండి, లేకపోతే పైకి పొడిగా కనిపిస్తూ లోపల చెమ్మ ఉండిపోతుంది.