హార్డ్ డిస్క్ మొరాయిస్తోందా? ముందు కాపీ, తర్వాతే రిపేరు

ఇంట్లో కంప్యూటర్ స్లో అయితే మనం చేసే మొదటి పని రీస్టార్ట్. రెండోది, కాలనీలో తెలిసిన కుర్రాణ్ణి పిలవడం. అతను వచ్చి చూసి, "ఫార్మాట్ కొట్టేద్దాం అంకుల్" అంటాడు. జబ్బు విండోస్‌ది అయితే అది సరైన వైద్యమే. జబ్బు హార్డ్ డిస్క్‌ది అయితే మాత్రం పెళ్లి ఫొటోలు, ఇంటి రిజిస్ట్రేషన్ స్కాన్లు, పిల్లల మెమోలు అన్నీ ఆ ఫార్మాట్‌తోనే పోతాయి. కింద చెప్పిన లక్షణాల్లో మీది ఏదైనా సరే, ఫైళ్లు బయటికి తీశాకే రిపేరు జోలికి వెళ్లండి.

లక్షణం: ఫోల్డర్ తెరిస్తే గుండ్రం తిరుగుతూనే ఉంటుంది, కాపీ మధ్యలో ఆగిపోతుంది

కారణం చాలాసార్లు పాడైన సెక్టార్లు, అంటే డిస్క్‌లో డేటా ఉండే చిన్న చిన్న గళ్లు. చదవలేని చోటును డిస్క్ మళ్లీ మళ్లీ చదవడానికి చూస్తుంది, అంతసేపూ కంప్యూటర్ బిగుసుకుపోతుంది. నిర్ధారణకు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు. నీలం రంగులో 'గుడ్' అని ఉంటే మంచిదే, పసుపు 'కాషన్' అంటే డిస్క్ మార్చే టైమ్ వచ్చినట్టు. రంగు ఒక్కటే చూసి వదిలేయకండి. 05, సీ5, సీ6 అనే వరుసల (పాడైన, అనుమానపు సెక్టార్ల లెక్కలు ఇవి) చివరి గడిలో అన్నీ సున్నాలే ఉండాలి. అక్కడ ఇంకేదైనా అంకె కనబడి, వారానికి వారం పెరుగుతుంటే ఆ డిస్క్‌ను నమ్మకండి.

సీ7 ఒక్కటే పెరుగుతుంటే సంతోషించండి, అది ఎక్కువగా డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ తప్పు. కొత్త కేబుల్ వేస్తే సరిపోతుంది. వేశాక పాత అంకె సున్నాకు దిగదు, అక్కడే ఆగితే చాలు.

కేబుల్ కాదు, డిస్కే అని తేలితే వేరే డిస్క్ తగిలించి కాపీ మొదలుపెట్టండి. మళ్లీ దొరకనివి ముందు: డాక్యుమెంట్లు, ఫొటోలు. సినిమాలు ఆఖరున, అదీ డిస్క్‌కు ఓపిక ఉంటేనే. ఈ దశలో విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ నడపొద్దు. అందులో బ్యాడ్ సెక్టార్ల స్కాన్ డిస్క్ మొత్తాన్ని చదివిస్తుంది, పైగా ఫైల్ పట్టికను తిరగరాస్తుంది. ఆఖరి ఊపిరితో ఉన్న డిస్క్‌కు రెండూ చేటే. మామూలు కాపీ పదే పదే ఆగిపోతుంటే లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి (అంటే విండోస్ బదులు పెన్‌డ్రైవ్‌లోని లైనక్స్ సిస్టమ్‌తో కంప్యూటర్ ఆన్ చేసి) డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడాలి. అది ముందు తేలిగ్గా వచ్చే భాగాలన్నీ తీసేసుకుని, మొండికేసిన చోట్లకు తర్వాత వస్తుంది. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పెట్టుకుంటే, మధ్యలో కరెంటు పోయినా ఆగిన దగ్గర నుంచే కొనసాగుతుంది. కాపీ ఎక్కించే డిస్క్ పాతదానికంటే చిన్నది కాకూడదు. మూలం ఏది, గమ్యం ఏది అన్నది ఒకటికి రెండుసార్లు చూసుకోండి. తారుమారైతే పాత డిస్క్‌లో ఉన్నది కాస్తా పోతుంది.

లక్షణం: టక్, టక్ అని ఒకే లయలో శబ్దం

చాలాసార్లు హెడ్, అంటే డేటాను చదివే లోపలి భాగం, దెబ్బతిన్నట్టే. బండి మీద తీసుకెళ్తుంటే కింద పడ్డ ఎక్స్‌టర్నల్ డిస్కులు ఎక్కువగా ఇలా వస్తాయి. వెంటనే ఆపేయండి. "ఇంకొక్కసారి ఆన్ చేసి చూద్దాం" అన్న ప్రతిసారీ హెడ్, డేటా ఉండే లోపలి పళ్లేన్ని గీకే ప్రమాదం ఉంది, గీత పడ్డ చోట ఉన్న డేటాను ఇక ఎవరూ తేలేరు. ఫ్రిజ్‌లో పెట్టడం, తట్టడం, స్క్రూలు విప్పి చూడటం వద్దు. హెడ్‌కూ పళ్లేనికీ మధ్య సందు నానోమీటర్లలో ఉంటుంది, మన హైదరాబాద్ దుమ్ము అందులో పట్టదు.

ఇది డేటా రికవరీ వాళ్ల పని. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల సముదాయం) చుట్టుపక్కల అడిగితే దారి దొరుకుతుంది, కానీ డిస్క్ చేతిలో పెట్టే ముందు కొన్ని అడగండి. విప్పేది ఇక్కడేనా, శుభ్రమైన గాలి ఏర్పాటు ఉందా? డేటా రాకపోతే డబ్బులు తీసుకుంటారా? డిస్క్ సీరియల్ నంబర్ వేసి రసీదు ఇస్తారా? వీటికి సూటిగా జవాబు రాకపోతే బయటికి వచ్చేయడమే.

లక్షణం: కరెంటు పోయి వచ్చాక డిస్కే కనబడటం లేదు

ఏప్రిల్, మే నెలల్లో గాలివాన సాయంత్రాల తర్వాత వచ్చే ఫిర్యాదు ఇది. ముందు చవక కారణాలు చూడండి: సాటా కేబుల్ వదులైందా, వేరే పోర్టులో కనబడుతోందా, వేరే పవర్ కేబుల్‌తో తిరుగుతోందా. ఎక్స్‌టర్నల్ డిస్క్ అయితే ముందు యూఎస్‌బీ కేబుల్ మార్చండి. అయినా కదలకపోతే డిస్క్ అడుగున ఉన్న సర్క్యూట్ బోర్డు కాలి ఉండొచ్చు. అదే మోడల్ బోర్డు తెచ్చి బిగిస్తే సరిపోతుందనుకుంటారు, ఇప్పటి డిస్కుల్లో కుదరదు. ఆ డిస్క్‌కు మాత్రమే సరిపోయే కొలతలు పాత బోర్డు చిప్‌లో ఉంటాయి, ఆ చిప్‌ను కూడా కొత్త బోర్డుకు మార్చి అతికించాలి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమా వద్దు. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. అది వేయకపోతే కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ ఆగినట్టు అనిపించదు గానీ డెస్క్‌టాప్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. రాస్తున్న డిస్క్‌కు అదే దెబ్బ. డెస్క్‌టాప్‌కు విడిగా ఒక చిన్న యూపీఎస్ ఉంటే షట్‌డౌన్ చేసుకునేంత వ్యవధి దొరుకుతుంది.

లక్షణం: "ఈ డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని అడుగుతోంది

క్యాన్సిల్ నొక్కండి. ఫైళ్లు చాలావరకు అక్కడే ఉంటాయి, చెడింది వాటి చిరునామాల పట్టిక. టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్‌తో పార్టిషన్ (సి, డి లాంటి డిస్క్ భాగం) తిరిగి రావచ్చు. అది కుదరకపోతే ఫొటోరెక్ అనే ఇంకో ప్రోగ్రామ్ ఉంది, కానీ ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు రావు, వేల ఫొటోలు కుప్పగా వస్తాయి. రికవరీ అయిన ఫైళ్లను ఆ డిస్క్‌లోనే సేవ్ చేయొద్దు.

తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌ల మీద నడిచే ఎస్ఎస్‌డీ కథ వేరు. శబ్దం ఉండదు, చాలాసార్లు హెచ్చరికా ఉండదు, ఒక పొద్దున కనబడదంతే. డిలీట్ చేసిన ఫైళ్లు కూడా ట్రిమ్ (డిలీట్ అయిన చోటును ఖాళీ చేసేసే పద్ధతి) వల్ల సాధారణంగా తిరిగి రావు. ఎస్ఎస్‌డీ వేసుకున్నవాళ్లకు బ్యాకప్ అవసరం తగ్గలేదు, పెరిగింది.

లక్షణం: బ్యాకప్ ఉందనుకున్నారు, తీరా చూస్తే లేదు

నా దృష్టిలో అసలు జబ్బు ఇదే. మన ఇళ్లలో దీనికి మొదటి కారణం డి డ్రైవ్. "ముఖ్యమైనవన్నీ డి లో పెట్టానండీ, సేఫ్" అంటారు. ఒకే డిస్క్‌ను రెండు ముక్కలు చేస్తే వచ్చిన సి, డి ఒకే బీరువాలో రెండు అరలు. విండోస్ మళ్లీ వేసుకునేటప్పుడు డి పనికొస్తుంది, డిస్క్ పోతే రెండూ పోతాయి. ఇంకో తిరకాసు: విండోస్‌లోని ఫైల్ హిస్టరీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివి గంటగంటకూ కాపీ చేస్తుంది గానీ డి లో మీరు చేసుకున్న ఫోల్డర్‌ను దానంతటదే పట్టించుకోదు. ఆ ఫోల్డర్‌ను లైబ్రరీలో చేర్చాలి.

రెండో కారణం, క్లౌడ్ సింక్‌ను (కంప్యూటర్‌లో ఉన్నదే ఆన్‌లైన్‌లోనూ ఉండేలా చూసే ఏర్పాటు) బ్యాకప్ అనుకోవడం. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది, ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. డాక్యుమెంట్లకు సరిపోతుంది, వీడియోలకు చాలదు.

మూడోది, బ్యాకప్ డిస్క్‌ను ఎప్పుడూ తగిలించే ఉంచడం. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, రాన్సమ్‌వేర్, వస్తే దానికీ తాళం వేస్తుంది. కాపీ అవగానే తీసేయండి. తీసింది కూడా అదే గదిలో ఉంటే, 2020 అక్టోబర్ వానల్లాంటివి వచ్చినప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలో రెండూ కలిసి తడుస్తాయి. మీరు దిల్‌సుఖ్‌నగర్‌లో, అక్కావాళ్లు కూకట్‌పల్లిలో ఉంటే రెండో డిస్క్ అక్కడ పెట్టి, పండక్కి వెళ్లినప్పుడు మార్చుకోండి.

బ్యాకప్ తీశాక దాన్ని ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, లోపలి ఫోల్డర్ల నుంచి ఒక పీడీఎఫ్, ఒక పాత ఫొటో, ఒక వీడియో తెరిచి చూడండి. పేర్లు కనబడితే చాలదు, తెరుచుకోవాలి.

లక్షణం: డిస్క్ బాగానే ఉంది, 48 అంకెల కీ అడుగుతోంది

విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే డిస్క్‌ను చదవనివ్వని తాళం) దానంతటదే ఆన్ అయి ఉంటుంది. డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కు పెడితే రికవరీ కీ కావాలి, అది లేకపోతే ఎంత పెద్ద రికవరీ షాపుకు వెళ్లినా ఫలితం ఉండదు. కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. కంప్యూటర్ నడుస్తున్నప్పుడే అందులోకి వెళ్లి, ప్రింట్ తీసి రేషన్ కార్డు, ఆధార్ ఉండే కవర్లో పెట్టండి. ఆ అకౌంట్ ఎవరి ఫోన్ నంబర్‌తో తెరిచారో, ఆ నంబర్ ఇంకా పని చేస్తోందో లేదో కూడా అదే రోజు చూసుకోండి.