లేవగానే మోకాళ్లు టక్కుమంటుంటే

గంటన్నర కదలకుండా కూర్చుని లేస్తే చాలు, నా మోకాళ్లు టక్కుమనేవి. పక్కవాళ్లు తల తిప్పి చూసేంత చప్పుడు. ఇప్పుడు లేచే ముందు రెండు మూడు నిమిషాలు ఇలా చేస్తున్నాను, చాలావరకు తగ్గింది.

కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుని, ఒక కాలు నేలకు సమాంతరంగా చాపాలి. కాలివేళ్లు మన వైపు లాగి, తొడ కండరం గట్టిపడేలా బిగించి 5 సెకన్లు ఆపాలి. తర్వాత మెల్లగా దించాలి, ధబ్బున వదిలేస్తే లాభం లేదు. ఒక్కో కాలికి 10 సార్లు. చివర్లో చీలమండలు అటు 5, ఇటు 5 సార్లు తిప్పి లేవడమే. మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేస్తే ఇంకా మంచిది. నాకైతే ఫోన్‌లో అలారం మోగితే తప్ప గుర్తుండదు.

చప్పుడు అసలు రాకుండా పోదు. కీలులోని జిగురు ద్రవంలో గ్యాస్ బుడగ వల్ల కూడా అలా టక్కుమంటుంది. మెటికలు విరిస్తే వచ్చేదీ అదే. నొప్పి లేకపోతే టెన్షన్ అక్కర్లేదు. చప్పుడుతో పాటు నొప్పి, వాపు ఉన్నా, మోకాలు మధ్యలో పట్టేసినా మాత్రం ఇది ఆపేసి డాక్టరుకు చూపించుకోండి.