చెరువు గట్టు మీంచి ఓవల్ రేసు చూడటం ఎలా

అమెరికాలో ఆదివారం మధ్యాహ్నం మొదలయ్యే స్టాక్ కార్ రేసు (మామూలు కారు రూపంలో ఉండే రేసు కార్లు కోడిగుడ్డు ఆకారపు ఓవల్ ట్రాకు చుట్టూ తిరిగే పందెం) మనకి అర్ధరాత్రి దాటాక పడుతుంది. ఫిబ్రవరిలో డేటోనా 500 అక్కడ మధ్యాహ్నం 2:30కి అయితే ఇక్కడ అర్ధరాత్రి ఒంటిగంట. మే నెలాఖరున షార్లెట్‌లో జరిగే కోకాకోలా 600 సాయంత్రం 6కి అయితే ఇక్కడ తెల్లవారుజామున 3:30. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా తేడా తొమ్మిదిన్నర గంటలు, మిగతా రోజుల్లో పదిన్నర. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల్లో డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయే వేళా అదే. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకి కాపలాగా ఎలాగూ మెలకువగా ఉండేవాళ్లకి ఇంతకన్నా కుదిరే ఆట లేదు.

ముందున్న కారునే చూస్తూ కూచుంటే పది ల్యాపులకి (చుట్లకి) నిద్రొస్తుంది. టైర్లని చూడండి.

ముందు ట్రాకు వాలు. ఒకటిన్నర అడుగుకి అడుగు ఎత్తు లెక్కన వాలు పెట్టిన చెరువు గట్టు మీద నిలబడి చూడండి, అది సుమారు 33 డిగ్రీలు. టల్లడేగా ట్రాకు మలుపులు అంతే, డేటోనాలో 31. ఆ వాలు ఉండబట్టే మలుపులో కూడా యాక్సిలరేటర్ వదలక్కర్లేదు. అందుకే అక్కడ కార్లు గుంపుగా తిరుగుతాయి: ముందు కారు గాలిని చీల్చుకుపోతుంటే వెనక కారు దాని చాటున సాగుతుంది. గడ్డి లారీ వెనకాల మోపెడ్ నడిపినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మార్టిన్స్‌విల్‌ అలా కాదు, 0.526 మైళ్ల బుల్లి ట్రాకు, వాలు తక్కువ. అక్కడ పనంతా బ్రేకులదే.

ఇక మలుపులన్నీ ఎడమకే కాబట్టి బరువంతా కుడివైపు పడుతుంది. ముందు అరిగేది, పేలేది ఎక్కువగా కుడి ముందు టైరే. కల్లంలో బంతి తొక్కించేటప్పుడు గుంజ దగ్గరి ఎద్దు మెల్లిగా నడుస్తుంది, బయటి ఎద్దు గబగబా అడుగులేస్తుంది. చక్రాలదీ అదే లెక్క. వెనక ఇరుసు రెండు చక్రాలనీ కలిపి తిప్పే చిన్న ట్రాకు కార్లలో, కుడి వెనక టైరు చుట్టుకొలత ఎడమదానికన్నా ఒకట్రెండు అంగుళాలు ఎక్కువ పెడతారు. లేకపోతే కారు మలుపు తిరగనని మొరాయిస్తుంది.

డ్రైవరు రేడియోలో "టైట్" అంటే ముందు చక్రాలు తిప్పినా కారు గోడవైపే పోతోందని. "లూజ్" అంటే తోక జారుతోందని. దానికి పిట్‌లో, అంటే టైర్లు, పెట్రోలు కోసం కార్లు ఆగే చోట, వెనక కిటికీ అద్దం దగ్గరి రంధ్రంలో పొడుగు రెంచి పెట్టి తిప్పుతారు. మంచానికి ఒక కాలి కింద చెక్కముక్క పెడితే ఆ కాలూ, ఎదురుమూల కాలూ బరువు మోస్తాయి కదా, అదే సూత్రం. కుడి ముందు, ఎడమ వెనక మూలల మీద బరువు పెంచితే కారు టైట్ అవుతుంది, తగ్గిస్తే లూజ్. అర చుట్టు తిప్పినా తేడా తెలుస్తుంది. కోకాకోలా 600 ఎండలో మొదలై చీకట్లో ముగుస్తుంది, తారు చల్లబడేకొద్దీ పట్టు మారిపోతుంది. సాయంత్రం దూసుకుపోయిన కారు రాత్రికి వెనకబడటం చాలావరకు అందుకే.

పిట్ స్టాప్‌లో గోడ దాటి వచ్చేది అయిదుగురు: టైర్లు విప్పి బిగించేవాళ్లిద్దరు, టైర్లు మోసేవాడు, జాకీవాడు, పెట్రోలు పోసేవాడు. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు. నాలుగు టైర్లూ పది సెకన్ల అటూ ఇటూలో అయిపోవాలి. 2022 నుంచి చక్రానికి ఒకటే నట్టు, అంతకుముందు అయిదు. తడబాటు ఎక్కువగా అక్కడే: నట్టు సరిగా కూర్చోకపోతే కారు మళ్లీ పిట్‌లోకి రావాలి, ఒక్కోసారి చక్రమే ఊడిపోతుంది. పిట్ రోడ్డు మీద వేగం మించినా శిక్షే, పసుపు జెండా వేళ (ప్రమాదం లాంటిది జరిగి కార్లు నెమ్మదిగా తిరిగేటప్పుడు) అయితే వరస చివరికి పొమ్మంటారు.

పసుపు జెండా ఊపినప్పుడు లేచి ఏరియేటరు చూసొద్దామనుకోకండి. రేసు తారుమారయ్యేది అప్పుడే. దాదాపు అందరూ పిట్‌లోకి వస్తారు. ఒకరు నాలుగు టైర్లు, ఒకరు రెండే మారుస్తారు, ఒకరు అసలు ఆగరు. రెండు టైర్లవాడు ముందు నిలుస్తాడు గానీ, రేసు మళ్లీ మొదలయ్యే ఆకుపచ్చ జెండా తర్వాత ఇరవై ల్యాపులు తిరిగేసరికి నాలుగు కొత్త టైర్లవాళ్లు మీదికొచ్చేస్తారు. ఇంకా అయిదారు ల్యాపులే ఉంటే మాత్రం రెండు టైర్లే మేలు. లేచేపనుంటే ఆకుపచ్చ జెండా పడి పది ల్యాపులయ్యాక లేవండి.

చివర్లో పసుపు జెండా పడితే ల్యాపులు పొడిగిస్తారు, అందుకే డేటోనాలో 200 ల్యాపులనుకున్నది 207 కూడా కావచ్చు. తెల్ల జెండా పడిందంటే ఆఖరి ల్యాపు. ఆ తర్వాత ఏ జెండా ఊపినా రేసు అయిపోయినట్టే.

వాన పడితే పెద్ద ఓవల్‌ మీద కార్లు తిరగవు. నున్నటి టైర్లకి నీళ్లని పక్కకి నెట్టే గాడులు ఉండవు. వేడి గాలి యంత్రాలతో తారు ఆరబెట్టడానికి గంటన్నరో రెండు గంటలో పడుతుంది. సగం దూరం దాటాక వానొస్తే అక్కడితోనే ఫలితం ప్రకటించే వీలుంది. కాబట్టి మబ్బు పట్టిన రోజున సగం రాకముందే అందరూ ముందుకి ఎగబడతారు. అలాంటి రోజు మొదటి గంట వదలకండి.