బుర్రకథకుడి యాక్షన్ ఫిగర్ ఇంట్లోనే చేయడం ఎలా?

బొమ్మల దుకాణంలో యాక్షన్ ఫిగర్లు పెట్టిన అర ముందు ఒకసారి నిలబడి చూడండి. ముసుగు వీరులు, మరమనుషులు, తుపాకి పట్టిన సైనికులు బారులు తీరి ఉంటారు. భుజాన తంబుర వేసుకుని, చేతి బొటనవేలి అందె మోగిస్తూ, ముందుకూ వెనక్కూ అడుగులేస్తూ కథ చెప్పే బుర్రకథకుడు మాత్రం కనిపించడు. అమ్మేవాళ్లు లేరు కాబట్టి నేనే చేసుకున్నాను. మొదటిది పాడైంది, రెండోది ఫరవాలేదు, మూడోది ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఆ మూడో బొమ్మ ఎలా తయారైందో వరసగా చెబుతాను. మీ మనసులో ఉన్నది హరిదాసైనా, గంగిరెద్దులవాడైనా, మీ తాతగారైనా పని ఇదే.

ముందుగా ఒక్క మాట. 1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున్న సైనికుడి బొమ్మ జీఐ జోను బజారులోకి తెచ్చింది. బొమ్మలంటే ఆడపిల్లల ఆట అని మగపిల్లలు ముట్టుకోరేమోనని దానికి 'యాక్షన్ ఫిగర్' అని పేరు పెట్టింది. వ్యాపారం కోసం పెట్టిన పేరే అయినా అందులో నిజముంది. కీళ్లు కదలాలి. కదలని బొమ్మ సంక్రాంతి కొలువులో మెట్టు మీద కూర్చోబెట్టడానికి బాగుంటుంది, అంతే. కొత్తవాళ్లు అందం కోసం ముద్ద మీద ముద్ద పెట్టి కీళ్లు మూసేస్తారు. నా మొదటి బొమ్మ పాడైంది అందుకే. తంబుర పట్టుకోవలసిన చెయ్యి మోచేతి దగ్గర రాయిలా బిగుసుకుపోయింది.

ఆధారపు బొమ్మను ఎంచుకోవడం

మొత్తం బొమ్మను మట్టి నుంచి మలచనక్కరలేదు. కీళ్లు బాగున్న పాత బొమ్మ ఒకటి సంపాదించి దాని మీద పని చేయాలి. నేను 1:12 కొలతలో చేస్తాను. అంటే 170 సెం.మీ. మనిషి 14 సెం.మీ. బొమ్మ అవుతాడు. చేతిలో ఇముడుతుంది, ముఖంలో కళ్లు గీయడానికి చోటూ ఉంటుంది. 1:18 బొమ్మలు 10 సెం.మీ. లోపే ఉంటాయి కాబట్టి వాటితో మొదలుపెట్టకండి, కళ్లజోడు నంబరు మారుతుంది.

రంగు పోయినా, ఒక చెయ్యి విరిగినా ఫరవాలేదు. మెడ, భుజం, మోచెయ్యి, మణికట్టు, నడుము, మోకాలు, చీలమండ కదులుతున్నాయో లేదో చూడండి. బుర్రకథకుడికి చీలమండ పక్కకు వాలడం ముఖ్యం. లేకపోతే అడుగు ముందుకేసినప్పుడు పాదం అంచు మీద నిలబడి పడిపోతాడు. ఒంటికి అతుక్కున్న కవచాలున్న బొమ్మ వద్దు. బక్కపలచటి, సాదా ఒళ్లున్న బొమ్మ మేలు.

విడదీయడం, కడగడం, చెక్కడం

పొయ్యి మీద నీళ్లు మరిగించి దించండి. ఆ నీళ్లలో బొమ్మ తలను ఒకటి రెండు నిమిషాలు ముంచితే మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ ఇంకా మెత్తబడి, మెల్లగా తిప్పుతూ లాగితే తల ఊడి వస్తుంది. చేతులు, కాళ్లు కూడా అంతే. చల్లగా ఉన్నప్పుడు లాగితే కీలు ముల్లు విరుగుతుంది. పట్టుకోవడానికి మందపాటి గుడ్డ వాడండి. పిల్లలు సాయం చేస్తామంటే ఈ పని తప్ప మిగతావన్నీ ఇవ్వండి.

విడి భాగాలను గిన్నెలు తోమే సబ్బుతో, పాత పళ్ల కుంచెతో రుద్ది కడగాలి. అచ్చు నుంచి సులువుగా ఊడి రావడానికి కర్మాగారంలో పూసిన జిడ్డు మిగిలి ఉంటే రంగు పట్టదు. పాత రంగు తీయడానికి గోళ్ల రంగు తుడిచే ద్రవం మాత్రం ముట్టుకోకండి. అందులోని అసిటోన్ గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది.

తర్వాత కట్టర్‌తో అనవసరపు ముడతలు, బెల్టులు చెక్కేసి, 220 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 400, 600తో నున్నగా రుద్దాలి. కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దితే ప్లాస్టిక్ పొడి గాలిలోకి లేవదు. కీలు లోపల రెండు భాగాలు రాసుకునే చోట కూడా ఒక పొర రుద్దేయండి. ఆ వెంట్రుకవాసి సందు తర్వాత వేసే రంగు మందానికి. ఆ సందు లేకపోతే మొదటిసారి మోచెయ్యి వంచగానే రంగు పొట్టులా లేస్తుంది.

ముద్దతో మలచడం

కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రతో ముక్కలు చెక్కి, చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికి, ముక్కూ చెవీ దిద్దుతారు. మనం చేసేదీ అలాంటిదే, మక్కు మాత్రం వేరు. రెండు ముద్దలను కలిపితే గట్టిపడే ఎపాక్సీ కావాలి. పైపు కారితే పెట్టే ఎం-సీల్ ఆ జాతిదే. తలపాగా ఆకారానికి అది చాలు. ముఖానికి పనికిరాదు, మనం మీసం దిద్దేలోపే బిగుసుకుపోతుంది. బొమ్మలకోసం అమ్మే ఎపాక్సీ నెమ్మదిగా, గంటా రెండు గంటల పాటు మాట వింటుంది. పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు వదలాలి.

చేతులకు తొడుగులు వేసుకుని, ప్యాకెట్ మీద చెప్పిన పాళ్లలో తీసుకుని, రెండు రంగులూ పోయి ఒకే రంగు వచ్చేదాకా పిసకండి. చార ఒక్కటి మిగిలినా అక్కడ మెత్తగా ఉండిపోతుంది. వేలు అంటుకోకుండా నీళ్లలో తడుపుకుంటూ ఉండాలి. పనిముట్లకు నేను దుకాణానికి వెళ్లలేదు. పళ్లు కుట్టుకునే పుల్ల, పాత సూది, ఇంకు అయిపోయిన పెన్ను, ఇవే.

ముఖం దగ్గర తొందరపడకండి. మొదటి రోజు ముక్కు, బుగ్గ ఎముకలు మాత్రమే. అవి గట్టిపడ్డాక రెండో రోజు మీసం, కనుబొమలు. అన్నీ ఒకేసారి పెడితే మీసం దిద్దుతుంటే ముక్కు నలుగుతుంది. నోరు కొంచెం తెరిచి ఉంచండి. కథకుడు కదా, నోరు మూసుకుంటే ఎలా? తలపాగాకు ముద్దను చపాతీలా పలచగా ఒత్తి, పట్టీలుగా కోసి, ఒక్కొక్కటి మెలిపెట్టి చుట్టాలి. ఒకే ఉండగా పెట్టి పైన గీతలు గీస్తే గుమ్మడికాయలా కనిపిస్తుంది. నా రెండో బొమ్మ ఇప్పటికీ గుమ్మడికాయతోనే ఉంది.

బట్టలు

అంగీని ముద్దతో చేయకండి, కాళ్లు కదలవు. నిజం గుడ్డే కట్టాలి. అయితే బొమ్మతో పాటు గుడ్డ మందం తగ్గదు కదా. అర మిల్లీమీటరు మందమున్న చొక్కా గుడ్డను 12తో గుణిస్తే 6 మిల్లీమీటర్లు, అంటే బొమ్మ దుప్పటి కప్పుకున్నట్టే. అందుకని బాగా ఉతికి అరిగిపోయిన మల్లు పంచె ముక్క వెతకండి. పెద్ద పువ్వులు, వెడల్పు అంచు వద్దు. కోసిన అంచును మడిచి కుట్టకుండా, తెల్ల జిగురు నీళ్లలో కలిపి సన్నగా రాస్తే పోగులు లేవవు. మోకాళ్ల కింద కుచ్చిళ్లకూ అదే జిగురు నీళ్లు పూసి, వేళ్లతో మడతలు పట్టి ఆరనివ్వండి. నడుముకు కట్టే పట్టీ మాత్రం ఎర్రగా ఉంటే చూపు అక్కడే ఆగుతుంది.

తంబుర, అందెలు, గజ్జెలు

నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. వంటిల్లంతా వెతకాలి.

తంబుర బుర్రకు ఎండిన కుంకుడుకాయ. జంటగా అతుక్కున్న వాటిని విడదీస్తే ఒక్కొక్కటి ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు ఉంటుంది. 12తో గుణించి చూడండి, 18 నుంచి 24 సెంటీమీటర్ల బుర్ర. ఇంతకన్నా కచ్చితమైన కొలత అచ్చులోనూ రాదు. గింజ తీసేసి, కోసిన ముఖాన్ని ఉప్పుకాగితం మీద చదును చేసి, పలచటి అట్టముక్కతో మూయాలి. దండికి మూడు మిల్లీమీటర్ల వెదురు పుల్ల. తంబుర మొత్తం పొడవు 9 సెం.మీ. పెట్టాను, బొమ్మ పక్కన పెట్టి కంటితో చూసుకుని మీరు మార్చుకోవచ్చు. తీగలకు కరెంటు తీగ తొక్క ఒలిచి లోపలి సన్నటి రాగి పోగులు. వాటిని బిగించి కట్టాలి, వదులుగా ఉంటే బొమ్మ అంతా పేదగా కనిపిస్తుంది.

కథకుడి కుడి బొటనవేలికి ఒక అందె, మిగతా వేళ్లలో ఇంకొకటి ఉంటాయి, రెంటినీ తాటించి తాళం వేస్తాడు. కొంచెం మందపాటి రాగి తీగను పెన్ను రీఫిల్ చుట్టూ రెండు చుట్లు చుట్టి కోస్తే అందె సిద్ధం. గజ్జెలకు ఆవాలు. నల్ల దారానికి జిగురు రాసి ఆవగింజలు వరసగా అంటించి, ఆరాక ఇత్తడి రంగు వేశాను. చూసినవాళ్లెవరూ ఇంతవరకు అవి ఆవాలని కనిపెట్టలేదు. మా అమ్మ తప్ప.

సైనికుడి బొమ్మ చెయ్యి తుపాకి పట్టేలా ముడుచుకుని ఉంటుంది. దాన్ని వేడి నీళ్లలో ముంచి, బొటనవేలిని విడదీసి, వెంటనే చల్లటి నీళ్లలో పెడితే అలాగే నిలుస్తుంది. అందె తొడగాల్సింది అప్పుడే.

రంగులు

ఇక్కడ నా అనుభవం ఒకటి. రెండో బొమ్మకు ఇంట్లో మిగిలిన ఎనామిల్ రంగు వేశాను. పీవీసీ మీద అది నెలైనా ఆరలేదు, జిగటగానే ఉండి ఇంట్లో దుమ్మంతా పట్టుకుంది. ఆ మెత్తటి ప్లాస్టిక్‌కు నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగులే సరైనవి. ముందు ప్రైమర్, అంటే రంగు పట్టడానికి అడుగున వేసే పూత, పలచగా ఒక పొర, తర్వాత రంగు పాలలా పలచన చేసి మూడు నాలుగు పొరలు. ఒక్క మందపు పొర వేస్తే మీరు కష్టపడి దిద్దిన మీసం పూడిపోతుంది.

సీసా మీద ఒంటిరంగు అని రాసి అమ్మేది చాలావరకు గులాబీ వన్నె. మన ఎండలో ఊరూరా తిరిగి కథ చెప్పే మనిషి ఆ రంగులో ఉండడు. బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), యెల్లో ఓకర్ (మట్టి పసుపు) కలిపి, కాస్త తెలుపు, సూది మొనంత నీలం చేర్చండి. నీలం లేకపోతే ఇటుకలా ఎర్రబడుతుంది. ఆరాక ముదురు గోధుమరంగును నీళ్లలా పలచన చేసి ముఖమంతా పూసి, పైపైన తుడిచేస్తే కళ్ల కింద, ముక్కు పక్క గీతల్లో మాత్రం నిలిచి ముఖానికి వయసు వస్తుంది.

కళ్లకు తెల్ల రంగు వాడకండి, గుడ్లు మిటకరించినట్టుంటుంది. కొంచెం బూడిదరంగు కలిపిన మీగడ వన్నె పూసి, చెక్కిన పుల్ల మొనతో నల్లచుక్క పెట్టండి. రెండు చుక్కలూ ఒకే పక్కకు చూసేలా పెడితే మెల్లకన్ను రాదు, పైగా పక్కన వంత పాడేవాణ్ణి చూస్తున్నట్టు ఉంటుంది. నేను ఒక కన్ను ఆరుసార్లు చెరిపాను. తడిగా ఉండగానే తడి పుల్లతో తుడిస్తే పోతుంది, అందుకని భయపడనక్కరలేదు.

పైన మెరుపు లేని వార్నిష్ ఒక పొర. స్ప్రే డబ్బా అయితే వాన ముసురు పట్టిన రోజున కొట్టకండి, గాలిలో తేమకు తెల్లటి పొగ పట్టినట్టు అవుతుంది. ఎండ కాసే పొద్దున, కిటికీలు తెరిచి పని చేయండి.

కూర్చడం

ఒక రోజు ఆరాక కాళ్లు, చేతులు మళ్లీ వేడి నీటి సాయంతో తొడగండి. వార్నిష్ వేసిన భాగాన్ని ముంచకుండా, కీలు గుంతను మాత్రం తడపండి. సూపర్‌గ్లూ కీళ్ల దగ్గరికి తేకండి, దాని ఆవిరి చుట్టుపక్కల తెల్లమరకలూ వేస్తుంది. తంబురను భుజానికి అతికించవద్దు. చిన్న రంధ్రం చేసి, పేపర్ క్లిప్ తీగను ముల్లులా దిగేయండి. అలా అయితే దించి పక్కన పెట్టవచ్చు కూడా.

ఒక హెచ్చరిక. వేరే కంపెనీ బొమ్మ తలను అచ్చు తీసి పది పోతపోసి అమ్మడం హక్కుల గొడవకు దారి తీస్తుంది. మీరు మలచిన ముఖమైతే ఆ బెడద లేదు.

మొదట కుడి మోకాలు కాస్త వంచి, పాదం ముందుకు వేయించి, నడుము పక్కకు తిప్పి నిలబెట్టి చూడండి. పడిపోతే తంబుర బరువు ఎక్కువైనట్టు, కుంకుడుకాయ లోపల ఇంకాస్త గీకండి. నాది నిలబడింది. బుర్రకథకు ముగ్గురు కావాలి కాబట్టి, డక్కీలు వాయిస్తూ వంత పాడే ఇద్దరి పని ఇప్పుడు నడుస్తోంది. హాస్యం చెప్పేవాడి తల ఇంకా బిస్కెట్ల డబ్బాలోనే ఉంది. పొట్ట వచ్చింది కానీ నవ్వు రాలేదు.