మందు కొట్టే రోజులొస్తున్నాయి: నెల తప్పిన నాటినుంచే జాగ్రత్త

పత్తి ఆకు తొడిగిందంటే ఇంక స్ప్రేయర్లు బయటికొస్తాయి. ఆ వెనకే మిరప తోటలు. గాలికి ఎదురుగా కొట్టొద్దు, మూతికి గుడ్డ కట్టుకోండి అని మందు కొట్టేవాళ్ళకి ఏటా చెప్తూనే ఉంటారు. అదే ఇంట్లో కొత్తగా నీళ్ళోసుకున్న కోడలి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఇది ఆమె కోసం, ఆమె భర్త కోసం రాస్తున్నాను. కడుపులో ఉన్నది మగబిడ్డ అయితే, వాడు పెద్దయ్యాక తండ్రి కాగలగడానికి పునాది పడేది ఈ తొలి నెలల్లోనే.

మగబిడ్డకి వృషణాలు ఏడో వారం ప్రాంతంలో ఏర్పడటం మొదలవుతుంది. ఆ వెంటనే అవి టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తయారు చేయడం మొదలుపెడతాయి. సుమారు 8 నుంచి 14 వారాల మధ్య ఆ హార్మోన్ సరిపడా అందాలి. అందకపోతే వృషణాలు కిందికి దిగకపోవచ్చు, మూత్రం వచ్చే రంధ్రం ఉండాల్సిన చోట ఉండకపోవచ్చు, పెద్దయ్యాక వీర్యకణాలు తక్కువ పడొచ్చు. వీర్యకణాల్ని సాకే సెర్టోలి కణాలు పెరగడం మొదలయ్యేదీ కడుపులోనే. ఈ మూడు సమస్యలకీ మూలం ఒకటే అయి ఉంటుందని డెన్మార్క్ వైద్యుడు నీల్స్ స్కాకెబెక్ 2001లో ప్రతిపాదించారు. హార్మోన్ల పనికి అడ్డుపడే రసాయనాల్లో కొన్ని పురుగుమందులు, తెగులు మందులు ఉన్నాయి. ప్లాస్టిక్‌ని మెత్తబరిచే థాలేట్లు, గట్టి ప్లాస్టిక్‌లో వాడే బిస్ఫినాల్-ఎ కూడా ఆ కోవలోవే.

డెన్మార్క్‌లోనే గ్రీన్‌హౌస్‌లలో పనిచేసిన తల్లుల మగబిడ్డల్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. మూడు నెలల వయసుకి వృషణాలు దిగని పిల్లలు 6.2 శాతం ఉన్నారు. కోపెన్‌హేగన్ ప్రాంతంలో మామూలుగా అది 1.9 శాతమే. గర్భిణుల కోసం ప్రత్యేక జాగ్రత్తలు పాటించే చోటే పరిస్థితి ఇలా ఉంది. కడియం నర్సరీల్లో మొక్కలు సర్దే ఆడవాళ్ళు, గద్వాల, నంద్యాల వైపు విత్తన పత్తిలో పువ్వు పువ్వుకీ చేత్తో క్రాసింగ్ చేసే అమ్మాయిలు నాకు వెంటనే గుర్తొచ్చారు.

మనకి ఇంకో చిక్కుంది. మూడో నెల దాటేదాకా కడుపుతో ఉన్న సంగతి ఎవరికీ చెప్పకూడదంటారు. దిష్టి తగులుతుందని భయం. సరిగ్గా ఆ దాచిపెట్టే రోజుల్లోనే బిడ్డకి అవయవాలు రూపు కడుతుంటాయి. మేస్త్రీకి తెలియదు కాబట్టి మందు కొట్టిన చేలోకే కలుపుకి పంపుతాడు. వేవిళ్ళతో వాంతి చేసుకుంటే మందు వాసన పడలేదనుకుని ఊరుకుంటారు. ఊరందరికీ చెప్పమనడం లేదు. ఆశా కార్యకర్తకి, భర్తకి, పనికి పంపేవాళ్ళకి మాత్రం నెల తప్పగానే చెప్పండి. పిల్లల కోసం చూస్తున్న జంటలైతే అంతకంటే ముందునుంచే ఈ జాగ్రత్తలు మొదలుపెట్టాలి.

చేలోకి వెళ్ళకుండా ఇంట్లో ఉంటే చాలనుకుంటారు. చాలదు. మందు కొట్టొచ్చిన చొక్కా దండెం మీద ఎలా ఉంటుందో చూడండి. భుజాల మీద ట్యాంకు పట్టీల చారలు, మోచేతుల దగ్గర అట్టకట్టిన తెల్లటి పొడ. బకెట్‌లో వేసి నీళ్ళు పోయగానే ఘాటు గుప్పుమంటుంది. ఆ బట్టల్ని ఉత్త చేతులతో నలిపి ఉతికేది ఎక్కువగా ఆ కోడలే. ఈ ఒక్క పని ఆమెకి తప్పించండి. కొట్టినవాడే బయట బట్టలు విప్పి, చేతికి తొడుగులు వేసుకుని, మిగతా బట్టల్లో కలపకుండా విడిగా సబ్బుతో ఉతికి ఎండలో వేయాలి. స్నానం చేశాకే ఇంట్లోకి రావాలి. మిగిలిన మందు, స్ప్రేయర్ పడక గదిలో పెట్టొద్దు. ఖాళీ డబ్బాని కడిగినా సరే పప్పులకీ నీళ్ళకీ వాడొద్దు.

డబ్బా మీద ఆకుపచ్చ గుర్తుంది కదా, ప్రమాదం లేదని కొందరు అంటారు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు చెప్పేది ఆ మందు మింగితేనో ఒంటికి తగిలితేనో ప్రాణానికి ఎంత ముప్పు అన్నది మాత్రమే. కడుపులో బిడ్డ హార్మోన్ల సంగతి ఆ రంగులో ఉండదు. కడుపుతో ఉన్నవాళ్ళు మందు కలపొద్దు, కొట్టొద్దు, కొట్టిన చేలోకి ఆకు తడి ఆరిందని వెంటనే దిగొద్దు. వీలైతే ఆ మూడు నాలుగు నెలలు వేరే పని చూసుకోవడమే మంచిది. కూలి పోతుందని నాకు తెలుసు. అందుకే ఇది ఆమె ఒక్కదాని మీద వదిలేయకుండా ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాలి.

వంటింట్లో చేయాల్సింది తేలికే. కర్రీ పాయింట్‌కి స్టీలు గిన్నె తీసుకెళ్ళండి. సలసలా కాగే సాంబారు ప్లాస్టిక్ కవర్‌లో కట్టించొద్దు. వేడి, నూనె తగిలితే ప్లాస్టిక్‌లోని రసాయనాలు తిండిలోకి ఎక్కువగా దిగుతాయి. ఓవెన్‌లో ప్లాస్టిక్ డబ్బా పెట్టొద్దు. ఊరటనిచ్చే మాట ఏంటంటే, థాలేట్లు, బిస్ఫినాల్-ఎ ఒకటి రెండు రోజుల్లో చాలావరకు మూత్రంలో పోతాయి. ఇవాళ మానేస్తే ఇవాళ్టినుంచే మేలు.

మగబిడ్డ పుడతాడని ఇచ్చే నాటు మందులు అసలు ముట్టుకోవద్దు. కడుపు పడిన క్షణంలోనే ఆడో మగో తేలిపోతుంది. ఉత్తరాదిలో అలాంటి మందుల్ని పరీక్షిస్తే ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌లా పనిచేసే మొక్కల పదార్థాలు బయటపడ్డాయి. పారాసిటమాల్ సంగతి వేరు. జ్వరమొస్తే టెన్షన్‌తో మానేయొద్దు, ఎక్కువ జ్వరం బిడ్డకే చేటు. డాక్టర్ చెప్పినంత, చెప్పినన్ని రోజులే వేసుకోండి.

ఇప్పటికే నెలలు నిండుతున్నవాళ్ళు భయపడి కుంగిపోవద్దు. ఈ రసాయనాలు తగిలిన ప్రతి బిడ్డకీ సమస్య వస్తుందని కాదు. పుట్టినప్పుడు రెండు వృషణాలూ సంచిలోకి దిగాయో లేదో డాక్టర్ని అడిగి చూపించుకోండి. దిగకపోయినా చాలామందికి తొలి నెలల్లో వాటంతటవే దిగుతాయి. ఆరు నెలలు నిండినా దిగకపోతే పిల్లల సర్జన్‌కి చూపించాలి. ఆపరేషన్ ఏడాది, ఏడాదిన్నర లోపు అయిపోవాలి. పెద్దయితే అదే సర్దుకుంటుందని ఐదారేళ్ళు ఆగితే, వీర్యం తయారు చేసే శక్తి ఒంటి లోపలి వేడికి దెబ్బతింటూనే ఉంటుంది.